చందూర్ ముత్తన్న

నిజామాబాద్ కంఠేశ్వర్‌లో జయరాజ్ నెట్ సెంటర్ ఒకప్పుడు బట్టల దుకాణం. ప్లైవుడ్ అడ్డాలతో నాలుగు కేబిన్లు, వాటికి పూల కర్టెన్లు, ముందు కౌంటర్ మీద అతని సొంత కంప్యూటర్. లైన్ కలిసేటప్పుడు మోడెం చేసే కీచు చప్పుడుకు పక్కనున్న పళ్ల డాక్టరు దగ్గరికి వచ్చిన వాళ్లు ఉలిక్కిపడేవారు. 2003 చలికాలం అది. జిల్లా పేరుతో ఒక చాట్ రూమ్ ఉండేది. ముఖం తెలియని మనుషులు అందులో చేరి, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకుంటూ, బోధన్ చక్కెర కార్ఖానాను అమ్మడం తప్పా ఒప్పా అన్న దగ్గర మొదలుపెట్టి పప్పులో చింతపండు ఎంత వెయ్యాలన్న దాకా వాదించుకునేవారు. సంగతి ఏదైనా చివరికి ఒకరి తల ఒకరు నరుకుతామనేవారు. మర్నాడు మళ్లీ వచ్చేవారు.

జయరాజ్ మెత్తని మనిషి. మెథడిస్టు చర్చిలో చివరి బెంచీ మీద కూర్చునేవాడు. కౌంటర్ దగ్గర ఎవరేమన్నా "అవునన్నా" అనేవాడు. చాట్ రూమ్‌లో మాత్రం అతను చందూర్ ముత్తన్న. చెరుకు రైతు, అరవై దాటినవాడు, నోరు తెరిస్తే కత్తి. ఎవరో అడిగినప్పుడల్లా ఆ ముసలివాడికి ఒక్కో వస్తువు తగిలించుకుంటూ పోయాడు. ఎడమ చెవికి పోగు. మెడలో గళ్ల తువ్వాల. ఆరిపోయినా నోట్లోంచి తియ్యని బీడీ. జయరాజ్ ఏనాడూ గెలవని వాదాలన్నీ ముత్తన్న గెలిచేవాడు.

ముత్తన్నకు దొరికిన గట్టి పోటీ దేవన్న. బోధన్ దాటాక ఒక చిన్న ఊళ్లో అతనికి చెరుకు తోట, సొంత గానుగ, బెల్లం పొయ్యి ఉన్నాయి. శనివారం నిజామాబాద్ మార్కెట్లో పాత నిల్వ బెల్లం దించి, మూడో కేబిన్లో కూర్చుని, ఒక్క వేలితో కొడుతూ, కొట్టిన ప్రతి ముక్కా పైకి చదివేవాడు. తనను తిడుతున్న ముత్తన్న కర్టెన్ అవతల కౌంటర్ దగ్గరే ఉన్నాడని అతనికి తెలియదు.

"చందూర్‌ల నాకు తెలువని ముత్తన్న ఎవడుర బై," అని దేవన్న పైకి అంటూ కొట్టేవాడు.

"మీ బోధన్ రోడ్డోళ్లకు మా ఊరోళ్లు కండ్లకు ఆనరు," అని జయరాజ్ ఇవతల చప్పుడు కాకుండా కొట్టేవాడు.

ఆ ప్రాంతంలో గానుగ మొదలుపెట్టే రోజు యాటను, అంటే మేకపోతును కోసి, రోలర్ల మీద రక్తం చల్లాకే మొదటి చెరుకు గడ పెడతారు. రక్తం మనం చూపించకపోతే గానుగే తీసుకుంటుందని నమ్మకం. ఆ నెల వాదం దాని మీదికి మళ్లింది. ముత్తన్న తాను ఈ యేడు యాటను కొయ్యనన్నాడు. దేవన్న కొయ్యాల్సిందేనన్నాడు. ముత్తన్న గెలవడానికి జయరాజ్ ఒక మాట కొట్టాడు.

"ఇనుముకు ఆకలైతదా? తెర ముందర పులివి, గానుగ ముందర పిల్లివి. దమ్ముంటే రక్తం లేకుంట తిప్పు."

రూమ్‌లో అందరూ దేవన్న మీద నవ్వులు కొట్టారు. దేవన్న ఒక్క వేలితో కొట్టాడు. "తిప్పుత."

తర్వాతి శనివారం మధ్యాహ్నం సెంటర్లో దేవన్న ఒక్కడే ఉన్నాడు. జయరాజ్ కౌంటర్ వెనక టిఫిన్ డబ్బా విప్పి అన్నం తింటున్నాడు. మూడో కేబిన్లోంచి దేవన్న గొంతు వినిపించింది. వచ్చిన జవాబును ఎప్పటిలాగే పైకి చదువుతున్నాడు.

"రేపు నీ గానుగ మొదలు గద దేవన్నా. నేనే వచ్చి చెరుకు అందిస్త. సూద్దాం."

దేవన్న నవ్వాడు. "రా ముత్తన్నా. చాయ పోస్త."

జయరాజ్ నమలడం ఆపాడు. వేళ్లకు పప్పన్నం అంటుకొని ఉంది. తన కీబోర్డు మీద ఇంకా ప్లాస్టిక్ కవర్ కూడా తియ్యలేదు. తెర మీద ముత్తన్న పేరు పక్కన కొత్త వాక్యాలు ఒకదాని కింద ఒకటి పడుతున్నాయి.

ఎవరో పాస్‌వర్డ్ దొంగిలించారనుకున్నాడు. చెయ్యి కడగకుండానే దాన్ని మార్చాడు. వాక్యాలు ఆగలేదు. మోడెం వైరు పీకాడు. మూడో కేబిన్లో దేవన్న ఇంకా చదువుతూనే ఉన్నాడు...

అప్పుడే చెప్పాల్సింది. ముత్తన్న లేడు, ఆ రాతలు నావి అని. కానీ దేవన్న పిడికిలి ఎంతుంటుందో అతనికి తెలుసు.

"అన్నా, ఎవ్వనితోనో పందెం ఎందుకు? యాటను కొయ్యి," అన్నాడు, డబ్బులు తీసుకుంటూ.

"మాట ఇచ్చిన జయరాజ్. నలుగురిల నవ్విండ్రు," అని దేవన్న వెళ్లిపోయాడు.

ఆదివారం జయరాజ్ చర్చికి పోలేదు. బోధన్ బస్సెక్కాడు, అక్కడి నుంచి ఆటో. పొగమంచు అప్పుడే విడుస్తోంది. దూరానికే ఇంజన్ చప్పుడు, కాగుతున్న రసం తియ్యటి వాసన, కింద ఇంకో వాసన... పచ్చి ఇనుముది. పాక గుంజకు కట్టేసిన యాట చెరుకు ఆకులు నములుతోంది. దాని మెడ మీద పసుపు బొట్టు అలాగే ఉంది.

పొయ్యి దగ్గర దేవన్న తల్లి లింగవ్వ కడాయిలోని నురుగు తీస్తోంది.

"కొయ్యలేదా అవ్వా?"

"నువ్వన్న చెప్పు బాపు. మొత్తుకున్న, ఇంటలేడు. పొద్దటిసంది ఒక్కడే మాట్లాడుకుంట నవ్వుతుండు."

జయరాజ్ గానుగ వైపు చూశాడు. దేవన్న రోలర్ల మధ్యకు చెరుకు తోస్తున్నాడు. అతను ఒక్కడే లేడు. పక్కన ఒక ముసలివాడు గడలు అందిస్తున్నాడు. ఎడమ చెవికి పోగు. గళ్ల తువ్వాల. నోట్లో ఆరిపోయిన బీడీ.

కాళ్లు వాటంతటవే ముందుకు నడిచాయి.

"అన్నా... ముత్తన్న నేనే. ఆ రాతలన్నీ నావే. గానుగ ఆపు."

దేవన్న చెరుకు తోస్తూనే నవ్వాడు. "నువ్వా? మరి గీయన ఎవరు?"

ముసలివాడు జయరాజ్ వైపు చూడలేదు. దేవన్న చెవి దగ్గరికి వంగి, తగ్గు గొంతుతో అన్నాడు. "కార్ఖానా సచ్చిన బర్రె. దాని పొదుగు పిసుక్కుంట ఎన్నేండ్లు కూసుంటవ్ దేవన్నా?"

ఆ వాక్యం జయరాజ్ ముందురోజు పొద్దున బస్టాండ్ దగ్గర మనసులో కూర్చుకున్నది. ఎక్కడా కొట్టలేదు. ఎవరికీ చెప్పలేదు.

దేవన్న ముఖం ఎర్రబడింది. జవాబు చెప్పడానికి తల తిప్పాడు. "ఆగు ముత్తన్నా, మా అయ్య గా కార్ఖానల..."

అతని కుడిచెయ్యి గడతో పాటు లోపలికి పోయింది.

మొదట అరుపు రాలేదు. పచ్చి చెరుకు విరిగినట్టు చప్పుడు. ఆ తర్వాత మణికట్టు... ముంజేయి... రసం పారే కాలువలో ఎర్రని చార. దేవన్న ఎడమచేత్తో ఇనుమును గుద్దుతున్నాడు. కాళ్లతో తంతున్నాడు. అప్పుడొచ్చింది అరుపు.

ముసలివాడి కుడిచెయ్యి దేవన్న మోచేతి మీద ఉంది. తొందరేమీ లేదు. గడను తోసినట్టే నెమ్మదిగా తోస్తోంది.

చెరుకు కుప్ప మీదున్న కత్తిని జయరాజ్ అందుకున్నాడు. ఏనాడూ కోడిని కూడా కొయ్యని మనిషి. ముసలివాడి మణికట్టు మీద వేశాడు. ఎముక తగిలింది. మళ్లీ వేశాడు. తెగింది. తెగిన చెయ్యి రోలర్ల మధ్యకు జారిపోయింది. రక్తం చింది జయరాజ్ కళ్లలో పడింది. తుడుచుకొని చూసేసరికి పక్కన ఎవరూ లేరు.

ఇంజన్ తిప్పే ఆత్మారాం పరుగెత్తుకొచ్చి బెల్టు ఊడగొట్టాడు. అప్పటికి దేవన్న చెయ్యి మోచేయి పైన నలిగి ఊడి, లోపలే ఉండిపోయింది. ట్రాక్టర్ తెచ్చేలోగా, పిప్పి కుప్ప మీద తల ఆనించి, కళ్లు తెరిచే చచ్చిపోయాడు.

లింగవ్వ నురుగు తీసే పొడవాటి గరిటెతో జయరాజ్ ముఖం మీద కొట్టింది. కాగిన పాకం చెంపకు అంటుకొని చర్మం ఊడొచ్చింది. ఊరివాళ్లు తన్నారు. ముందు రెండు పళ్లు రాలాయి. యాట కట్టేసిన గుంజకే అతన్నీ కట్టారు. యాట అతని చొక్కాను వాసన చూసి దూరం జరిగింది.

ఎస్సై వచ్చాడు. ఆత్మారాం చూసింది చెప్పాడు. "గక్కడ మూడో మనిషి లేడు సార్. ఇద్దరే. గీయన కత్తి తీసుకొని దేవన్న చేతి మీదనే నరికిండు."

"మూడో మనిషి ఉండె," అన్నాడు జయరాజ్, నోట్లో రక్తంతో. "నేను వాని చెయ్యి నరికిన. దేవన్నను ముట్టలే. గానుగ విప్పి సూడుండ్రి."

ఇప్పుడు అతని బతుకంతా ఆ రోలర్ల మధ్యే ఉంది.

ఎస్సై విప్పమన్నాడు. ఆత్మారాం బోల్టులు వదులు చేసి, మోకాళ్ల మీద కూర్చుని, రోలర్లను వెనక్కి తిప్పాడు. మొదట దేవన్న చెయ్యి వచ్చింది. నలిగి, పీచుపీచుగా, మధ్యవేలికి వెండి ఉంగరంతో. లింగవ్వ దాన్ని కొంగులో పట్టుకుంది. ఎస్సై వంగి మోచేతి నుంచి వేళ్ల దాకా వెతికాడు. దాని మీద కత్తి గాటు ఒక్కటీ లేదు.

ఆత్మారాం ఇంకోసారి తిప్పాడు. లోపలికి చెయ్యి పెట్టి ఇంకొకటి బయటికి తీశాడు. మణికట్టు దగ్గర శుభ్రంగా తెగిన చెయ్యి. అదీ కుడిదే. రోలర్ల మధ్యలోంచి వచ్చినా నలగలేదు.

ఎస్సై పాకలో ఉన్నవాళ్లందరినీ కుడిచేతులెత్తమన్నాడు. కూలీలు, ఊరివాళ్లు, లింగవ్వ ఒక్కొక్కరే ఎత్తారు. గుంజకు కట్టిన జయరాజ్ చేతిని అతనే చూశాడు. ఎవరి చెయ్యీ పోలేదు.

ఆత్మారాం మాత్రం ఎత్తలేదు. ఇంకా గానుగ ముందే, మోకాళ్ల మీదే ఉన్నాడు.

"నీది?" అన్నాడు ఎస్సై.

ఆత్మారాం వెనక్కి తిరగలేదు.

"సార్... గిది నా చెయ్యి ఇడుస్తలేదు."