రేవుమాట మీద గురి

రావులపేట రేవులో ఐస్ ఫ్యాక్టరీ నీడన నలభైమంది మత్స్యకారులు వరసగా కూర్చుని ఫోన్లు చూస్తున్నారు. అందరి ఫోన్లలోనూ అవే నాలుగు వాక్యాలు. మొదటిది ప్రభుత్వ వాతావరణ హెచ్చరిక, రెండోది టీవీవాళ్లది, మూడోది ఒక నాయకుడి హామీ, నాలుగోది "రేవుమాట" అనే వెబ్‌సైటుది. వాళ్లు చదువుతుంటే పట్నం నుంచి పరిశోధనకు వచ్చిన డాక్టర్ కాత్యాయని ఒళ్లోని పలకలాంటి యంత్రం మీద అంకెలు కదులుతున్నాయి. నాలుగో వాక్యానికి యంత్రం నూటికి తొంభై నాలుగు చూపించింది. ఆవిడ యంత్రాన్ని ఆపి, తుడిచి, మళ్లీ పెట్టింది. మళ్లీ తొంభై నాలుగే.

"చెడిపోయిందేమో అనుకున్నాను ధనరాజు గారూ," అంది. "మా ఆయనకి నా మాట మీద అరవై దాటదు."

ధనరాజు సిగ్గుపడి నవ్వాడు. రేవుమాట అతనిదే. పదిహేనేళ్లుగా ప్రతి సాయంత్రం నాలుగింటికి "రేపు సముద్రం" అని రెండు ముక్కలు రాస్తాడు. ఒడ్డుకు ఐదు మైళ్ల దూరంలో అతను లంగరేసిన బోయ ఒకటి, పీపాలా నీళ్ల మీద తేలుతూ, గాలినీ అలనీ కొలిచి పంపుతుంది. దానికి తన కంటితో చూసిన మబ్బును కలుపుతాడు. ప్రభుత్వ హెచ్చరిక కోస్తా అంతటికీ ఒకటే, వారంలో నాలుగు రోజులు ఎరుపే. దాన్ని నమ్ముకుంటే ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే రావులపేటలో ధనరాజు రాసింది చూశాకే బోట్లకు ఐస్ ఎక్కిస్తారు. ఎక్కించి కొబ్బరికాయ కొట్టాక మాత్రం ఎవరు చెప్పినా దించరు. అది అక్కడి ఆనవాయితీ.

కాత్యాయని తెచ్చిన యంత్రం పేరు గురి మీటర్. అది పనిచేసే తీరు పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. నమ్మిన మాట చదివేటప్పుడు మనిషి చూపు ఆగకుండా సాగిపోతుంది, నాడి నిలకడగా ఉంటుంది. నమ్మనప్పుడు చూపు వెనక్కి వస్తుంది, బొటనవేలు కాస్త చెమర్చి తెరను గట్టిగా నొక్కుతుంది. ఫోన్ అద్దం ఇవన్నీ పసిగట్టి యంత్రానికి చెబుతుంది.

వెబ్‌సైటు పెట్టుకుని బతకడం ఒకప్పుడు కుదిరేది. పక్కన ప్రకటనలు వేస్తే కొంత, వలల కొట్టు లింకు పెడితే కమీషన్ కొంత, అభిమానులు కట్టే చందా కొంత. జవాబు యంత్రాలొచ్చి లోకంలోని రాతలన్నీ మింగేసి, అడిగినవాడి చెవిలో ఊదడం మొదలెట్టాక మనుషులు వెబ్‌సైట్ల గడప తొక్కడం మానేశారు. చీమలు పెట్టిన పుట్టలు పాములకైనట్టు, రాసేది ఒకరు, తినేది మరొకరు. రేవుమాటకు మిగిలింది చుట్టుపక్కల మూడు వేలమంది చేపల వేటగాళ్లు. వాళ్లకోసం ఏ ప్రకటనదారుడూ రాడు. బోయ చూస్తే తుప్పు పట్టి ఈ ఏటి వర్షాలకో పై ఏటి వర్షాలకో మునిగేలా ఉంది.

"ఇకమీద అమ్ముడయ్యేది రాత కాదండీ, గురి," అంది కాత్యాయని. "కంపెనీలు ఎంతమంది చూశారని అడగవు, ఎంత నమ్మారని అడుగుతాయి. మీ పేజీలో ఒక్క వాక్యానికి పట్నంలో పెద్ద పత్రిక పేజీ అంత ధర పలుకుతుంది."

"తగ్గిపోదా మేడమ్, అమ్ముతుంటే?"

"నిజం అమ్మినంతకాలం తగ్గదు. అబద్ధం అమ్మితే ఎంత తగ్గుతుందో నాకూ తెలీదు. ఆ ప్రయోగం ఇంకా చెయ్యలేదు."

మొదట్లో ధనరాజు జాగ్రత్తగానే ఉన్నాడు. ఒక కంపెనీ తన మోకుతాడు గురించి రాయమంటే నెల్లాళ్లు ఉప్పునీళ్లలో నానబెట్టి, తెగలేదని తేలాకే రాశాడు. ఇంజిన్ ఆయిల్ తన బావ నూకరాజు బోటులో పోయించి చూశాకే రాశాడు. ఆ డబ్బుతో కొత్త బోయ వచ్చింది. కాత్యాయని అతని దగ్గర వదిలి వెళ్లిన మీటర్ మీద గురి తొంభై నాలుగు దగ్గర రాయిలా నిలబడింది.

కార్తీకమాసంలో ఒక కోల్డ్ స్టోరేజీ వ్యాపారి వచ్చాడు. అతనికి మోకూ ఆయిలూ అక్కర్లేదు. "మూడు రోజులు గాలి ఉందని రాయండి, అంతే," అన్నాడు. బోట్లు ఆగితే తన గోదాములోని చేప ధర పెరుగుతుంది. ధనరాజు రెండు రోజులు ఆలోచించాడు. గాలి ఉంటే లేదని రాయడం హత్య. లేకపోతే ఉందని రాయడంలో ఎవరి ప్రాణం పోతుంది? ఒడ్డున కూర్చున్నవాడు మునగడు కదా. అలా మనసుకు నచ్చజెప్పుకుని రాశాడు. ఆ మూడు రోజులూ సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉంది. సంక్రాంతిలోపు మరో రెండుసార్లు రాశాడు.

మత్స్యకారులకు లెక్కలు రాకపోవచ్చు గానీ సముద్రం రాదా? గురి అరవైకి జారింది, తర్వాత ముప్పై ఒకటికి.

మాఘంలో ఒక మధ్యాహ్నం కొత్త బోయ నుంచి వచ్చిన అంకెలను ధనరాజు రెండుసార్లు సరిచూసుకున్నాడు. గాలి పీడనం గంటగంటకూ పడిపోతోంది. తెల్లారేసరికి ఆ ముక్క సముద్రంలో చిన్న సుడిగాలి పుడుతుంది. "రేపు ఎవ్వరూ వెళ్లొద్దు," అని రాశాడు. గురి ఇరవై ఎనిమిది. కింద "ఇది నిజం" అని చేర్చాడు. పంతొమ్మిదికి పడింది.

చెప్పులు కూడా వేసుకోకుండా రేవుకు పరిగెత్తాడు. నూకరాజు బోటుకు అప్పటికే ఐస్ ఎక్కింది. ముందు భాగాన కొబ్బరిచిప్పలు తడిగా ఉన్నాయి.

"బావా, ఎళ్లకు. రేపు సుడిగాలుంది."

"ఈసారి ఎవడి గోదాంలో ఉందిరా సేప?" అన్నాడు నూకరాజు. బోటులో వలలు లాగే కళాసీలు ఆరుగురూ పకపకా నవ్వారు.

"ఎవడూ ఏమీ ఇవ్వలేదు బావా. అక్క మీద ఒట్టు!"

నూకరాజు ముఖంలో నవ్వు పోయింది. "మూడుసార్లు నీ మాట నమ్మి పిల్లల్ని పస్తులుంచాను. మూడుసార్లూ నేనాగిన రోజే ఆ గోదాం నుంచి సేపల లారీలు బయల్దేరాయి. ఇప్పుడు మీ అక్క మీద ఒట్టు కూడా బేరం పెట్టావేంట్రా? పో, అడ్డు తప్పుకో."

ధనరాజు తాడు పట్టుకుని వదల్లేదు. ఇద్దరు కళాసీలు అతన్ని ఎత్తి ఇసుకలో కూలేశారు. తెల్లవారుజామున బోటు వెళ్లిపోయింది. పది గంటలకు గాలి లేచింది.

నాలుగో రోజు మధ్యాహ్నం హెలికాప్టర్లు వెతకడం ఆపేశాయి. ఒక పడవ చెక్క, రెండు డబ్బాలు తప్ప ఏమీ దొరకలేదు. కాసేపటికి కాత్యాయని ఫోన్ చేసింది.

"ధనరాజు గారూ, మీ గురి తొంభై ఎనిమిదికి చేరింది. మీరు చెప్పింది జరిగింది కదా, అందుకు. యంత్రం ఆ అంకెను కంపెనీలకు పంపేసింది. పొద్దుటి నుంచీ బేరాలు వస్తున్నాయి. నేను ఆపలేకపోయాను, క్షమించండి."

అతను ఫోన్ పెట్టేశాడు. గుమ్మంలో అక్క లోవమ్మ నిలబడి ఉంది. నాలుగు రోజులుగా మంచినీళ్లు కూడా ముట్టలేదు. తిట్టడానికే వచ్చిందనుకున్నాడు. కొట్టినా బాగుండుననుకున్నాడు.

"ఆయన నీ మాట ఇనలేదు తమ్ముడూ," అంది. "నేనింటాను. ఆల్లు రేపొత్తారని రాయరా. టీవీవోళ్లు సెప్పేది నాకొద్దు. నువ్వు రాత్తే నమ్ముతాను."

"అక్కా..."

"రాయరా. ఒక్క ముద్ద దిగుద్ది."

ఒక్క ముద్ద దిగితే చాలనుకున్నాడు ధనరాజు. ఒక్క రాత్రి నిద్రపోతే చాలు. ఇందులో ఇంకెవరికి నష్టం? "నూకరాజు బోటు రేపు రేవుకు చేరుతుంది," అని రాశాడు. లోవమ్మ తన ఫోన్లో ఒక్కసారే చదివింది, ఆగలేదు, వెనక్కి చూడలేదు. గురి మీటర్ మీద నూరు పడింది. ఆ అంకెను అతను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఆవిడ ముఖం కడుక్కుని, గిన్నెలోంచి చల్దన్నం తీసుకుని తినడం మొదలుపెట్టింది.

కానీ రేవుమాట మూడు వేలమంది చదువుతారు. పావుగంటలో కళాసీల ఇళ్ల ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు అతని వాకిట్లో నిండిపోయారు. మెడలో పసుపుతాడు కళ్లకద్దుకుంటోంది ఒకావిడ. వాళ్లను తోసుకుంటూ ఒక కళాసీ తల్లి ముందుకొచ్చి ధనరాజు చెయ్యి పట్టుకుంది.

"ఏ ఏళకొత్తారో కూడా రాయి నాయనా," అంది. "అన్నం ఏడిగా ఉండాల."