తమ్ముడి వాటా నీళ్ళు

జానీ నోరు తెరిచాడు. డయానా ఫోన్‌లో టార్చ్ వేసి లోపలికి చూసింది.

గొంతుకు రెండు పక్కలా తెల్లటి మచ్చలు. పెరుగు అంటుకుని ఆరిపోయినట్టుగా ఉన్నాయి. మొన్నటిదాకా అక్కడ ఎర్రగా ఉబ్బిన టాన్సిల్స్ ఉండేవి. ఆపరేషన్ చేసి వాటిని తీసేశారు.

"అమ్మా! వీడి గొంతు కుళ్ళిపోతోంది!" అని అరిచింది డయానా.

ముందు గదిలో కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. అమ్మ మెడలో టేపుతోనే పరిగెత్తుకొచ్చింది. జానీ గొంతులోకి చూసి ఊపిరి వదిలింది.

"కుళ్ళడం కాదే. మానేటప్పుడు అలాగే తెల్లగా ఉంటుందని డాక్టరు గారు ముందే చెప్పారు. చెవులు కూడా నొప్పి పుడతాయట. నీళ్ళు మాత్రం మానకూడదన్నారు. గొంతు ఎండితే నొప్పి ఇంకా ఎక్కువవుతుంది."

అమ్మ గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి డయానా చేతికిచ్చింది.

"పెళ్ళివాళ్ళ జాకెట్లు రేపటికి ఇచ్చెయ్యాలి తల్లీ. నాన్నేమో హనుమాన్ జంక్షన్ దగ్గర ఆగిపోయిన లారీ బాగుచెయ్యడానికి వెళ్ళారు. నువ్వే కొంచెం కొంచెంగా తాగించు."

నాన్న ఆటోనగర్‌లో లారీ మెకానిక్. పని పడితే ఎప్పుడొస్తారో చెప్పలేరు. డయానా తల ఊపింది. ఆమె ఆరో తరగతి. జానీ ఒకటో తరగతి. ఇంట్లో పెద్దపిల్ల తనే కదా!

జానీ ఒక గుక్క తాగాడు. మొహం ముడుచుకుపోయింది. నీళ్ళు కొంచెం ముక్కులోంచి బయటికి వచ్చాయి. వాడు భయంతో డయానా చెయ్యి పట్టేసుకున్నాడు.

"వద్దక్కా," అన్నాడు. గొంతు ముక్కుతో మాట్లాడుతున్నట్టు వింతగా ఉంది. "కోసేస్తున్నట్టుంది."

గట్టిగా ఏడిస్తే ఇంకా నొప్పి. అందుకని చప్పుడు లేకుండా ఏడ్చాడు. అది చూడటం డయానా వల్ల కాలేదు.

"నువ్వు తాగెయ్ అక్కా. అమ్మకి చెప్పకు."

డయానా ముందు గది వైపు చూసింది. మిషన్ గడగడా తిరుగుతోంది. ఆమె గబగబా గ్లాసు ఎత్తి నీళ్ళన్నీ తాగేసింది.

జానీ నవ్వాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక వాడు నవ్వడం అదే మొదటిసారి.

ఖాళీ గ్లాసు చూసి అమ్మ మురిసిపోయింది. "మా బంగారు కొండలు!" అంటూ ఇద్దరి తలలూ నిమిరింది. డయానాకు ఆ చెయ్యి బరువుగా అనిపించింది.

ఆ తర్వాత కొబ్బరినీళ్ళూ అంతే. సగ్గుబియ్యం జావా అంతే. ఐస్‌క్రీం కూడా వద్దన్నాడు జానీ. డయానా అదీ తినేసింది. తనకెంతో ఇష్టమైన వెనిల్లా. కానీ రుచే తెలియలేదు.

మర్నాడు స్కూలుకు సెలవు. డయానా టిఫిన్ తిని వచ్చేసరికి జానీ ఇంకా పడుకునే ఉన్నాడు.

"ఒరే జానీ, లేరా. బొమ్మలు వేసుకుందాం."

వాడు కళ్ళు సగం తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. పెదాలు పగిలిపోయి ఉన్నాయి. ఒళ్ళు కాలిపోతోంది. డయానా చెంచాతో నీళ్ళు పెదాలకు ఆనించింది. జానీ తల అటు తిప్పుకున్నాడు. నీళ్ళు దిండు మీదికి కారిపోయాయి.

గోడ మీద మేరీమాత పటం ఉంది. డయానా దాని ముందు మోకరించింది. కానీ ఏమని ప్రార్థించాలో తోచలేదు. చెయ్యాల్సిన పని వేరే ఉందని ఆమెకు తెలుసు. అమ్మకు నిజం చెప్పాలి. కానీ ముందు గదిలోకి వెళ్ళలేకపోయింది.

అమ్మ వచ్చి జానీ నుదురు తాకి చూసింది. వెంటనే డాక్టర్ శివపార్వతి గారికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

"జ్వరమండీ. బాగా నీరసంగా ఉన్నాడు."

"నీళ్ళు తాగుతున్నాడా అమ్మా?"

"బాగా తాగుతున్నాడండీ. మా అమ్మాయి దగ్గరుండి తాగిస్తోంది."

"అలాగైతే జ్వరం మందు వెయ్యండి. రేపు పొద్దున ఒకసారి తీసుకురండి, చూస్తాను."

రేపు పొద్దున! డయానా జానీ వైపు చూసింది. రేపటిదాకా వాడు ఇలాగే ఉంటే?

"వాడు తాగలేదమ్మా," అంది.

"ఏంటే?"

"నేనే తాగేశాను. నిన్నటి నుంచి అన్నీ నేనే... జావ కూడా. ఏడుస్తున్నాడని..."

ఫోన్‌లోంచి డాక్టరు గారి గొంతు వినిపించింది.

"పాపా, ఫోన్ దగ్గరికి రామ్మా. వాడు అస్సలు తాగలేదా?"

"ఒక్క గుక్క తాగాడండీ. అదీ ముక్కులోంచి వచ్చేసింది."

"బాత్రూంకి ఎప్పుడు వెళ్ళాడు?"

"నిన్న సాయంత్రం. మళ్ళీ వెళ్ళలేదు."

"అమ్మా, రేపటిదాకా ఆగొద్దు. ఇప్పుడే బయల్దేరండి."

ఆటో బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగిపోయింది. జానీ అమ్మ ఒళ్ళో సోలిపోతున్నాడు. అమ్మ తిట్టలేదు. డయానాకు అదే ఇంకా భయమేసింది.

"అమ్మా, తమ్ముడికి ఏమైనా అవుతుందా?"

"అలాంటి మాటలు అనకు," అంది అమ్మ. కానీ ఒక చేత్తో డయానాను దగ్గరికి లాక్కుంది.

ఆస్పత్రిలో నర్సు సూది పట్టుకుని జానీ చేతిని అటూ ఇటూ తిప్పింది. "నరం దొరకట్లేదండీ. ఒంట్లో నీళ్ళు తగ్గిపోయాయి," అంది. డయానా కళ్ళు గట్టిగా మూసుకుంది. తెరిచేసరికి సెలైన్ సీసాలోంచి బొట్టు బొట్టుగా పడుతోంది. ఆమె ఆ బొట్లనే చూస్తూ నిలబడింది.

చాలాసేపటికి జానీ కళ్ళు తెరిచి, "అమ్మా, బాత్రూం," అన్నాడు. ఆ మాటకు అమ్మ నవ్వుతూ ఏడ్చేసింది.

డాక్టరు గారు డయానా పక్కన కూర్చున్నారు.

"వాడి నొప్పి చూడలేకపోయావు కదూ?"

డయానా అవునన్నట్టు తల ఊపింది.

"చూడటం కష్టమే. ముందు నొప్పి మందు వెయ్యాలి. కాసేపయ్యాక చెంచాతో తాగించాలి. అప్పుడు బాధ కాస్త తగ్గుతుంది. అయినా ఏడుస్తాడు. ఏడ్చినా తాగించాలి. నీవల్ల అవుతుందా?"

డయానా జానీ వైపు చూసి, "చూస్తానండీ," అంది.

మర్నాడు ఇంటికొచ్చేశారు. అమ్మ నొప్పి మందు వేసింది. అది పనిచేసేదాకా ఆగి, గ్లాసూ చెంచా డయానాకిచ్చి మిషన్ దగ్గరికి వెళ్ళింది.

అమ్మ అటు తిరగగానే జానీ గ్లాసును అక్క వైపు తోశాడు.

"నువ్వు తాగెయ్."

డయానా గ్లాసును గట్టిగా పట్టుకుంది. మళ్ళీ ముక్కులోంచి వస్తే? మళ్ళీ అలా ఏడిస్తే?

"నేను తాగనురా. ఇవి నీవి."

"నువ్వు మంచి అక్కవి కాదు. నీతో కటీఫ్!"

"సరే, కటీఫ్. నోరు తెరువు."

జానీ చెంచాను ఒక్క తోపు తోశాడు. నీళ్ళు డయానా గౌను మీద పడ్డాయి. ఆమె మళ్ళీ చెంచా నింపింది. తన కళ్ళల్లోనూ నీళ్ళు తిరుగుతున్నాయి. అయినా చెంచా వాడి పెదాల దగ్గరే ఉంచింది.

జానీ అక్క గౌను పిడికిట్లో బిగించి పట్టుకుని, కళ్ళు మూసుకుని మింగాడు. ఏడ్చాడు. డయానా వాడి ముక్కు తుడిచింది. వీపు నిమిరింది. ఇంకో చెంచా నింపింది.

"నీళ్ళు అయిపోయాయా డయానా?" ముందు గదిలోంచి అమ్మ కేకేసింది.

"లేదమ్మా! ఇంకా సగం పైనే ఉన్నాయి. తాగిస్తున్నాను."