మైనస్ కాలి మీద గోళ్ల రంగు

“హాలు కింద గొడుగు తడిసింది,” అన్నాడు గడియారాలు బాగుచేసే ఇన్‌ఫార్మర్. కిటికీలోంచి సైలెన్సర్ తుపాకీ దగ్గింది. మనిషి బల్ల మీద ఒరిగిపోయాడు.

ఎదురుగా కూర్చున్న మంచుగడ్డకు ఏమీ అనిపించలేదు. భార్య విదేశీ ముఠాలో చేరిపోయిన రోజునుంచి అంతే, శుభ్రంగా మొద్దుబారిపోయాడు. గూఢచారి శాఖలో ఆ పేరు పెట్టింది అందుకే.

గొడుగు కోడ్‌కి అర్థం, హాలు కింద విషవాయువు. ఆ కాన్ఫరెన్స్ హాల్లోనే మంచుగడ్డ అక్క దుబాసీగా కూర్చుని ఉంది.

లిఫ్ట్ మెకానిక్ వేషంలో బేస్‌మెంట్‌కు దిగాడు. సిలిండర్ వాల్వ్‌కు సర్వో మోటారు, పక్కన అరచేయంత సర్క్యూట్, దాని మీద ఒక నాబ్. చెవిలో శాఖ పెద్దాయన గొంతు.

“కంపారేటర్ కదా? రంపపు పళ్లలా లేచిపడే వోల్టేజీతో కంట్రోల్ వోల్టేజీని పోలుస్తుంది. కంట్రోల్ పెరిగితే పల్స్ వెడల్పు పెరుగుతుంది, సర్వో తిరిగి వాల్వ్ తెరుస్తుంది. ఆ ముఠా బాస్ రిమోట్ నొక్కితే పెరిగేది అదే. నువ్వు నాబ్ సున్నాకి తిప్పెయ్.”

“సరే సార్.”

“పైన మీ అక్క ఉందయ్యా.”

“తెలుసు సార్.” గొంతులో వణుకు లేదు. తనమీద తనకే చిరాకేసింది.

నాబ్ పట్టుకుని ఆగిపోయాడు. కంపారేటర్ చిప్ మైనస్ కాలి మీద ఎర్రటి గోళ్ల రంగు చుక్క.

కాపురం చేసిన రోజుల్లో భార్య సర్క్యూట్లు అతికేటప్పుడు ప్లస్సూ మైనస్సూ తారుమారు చేసేది. అతను విసుక్కుంటూ మళ్లీ సరిచేసేవాడు. పోరు పడలేక చివరికి మైనస్‌కి గోళ్ల రంగు పూయడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఒక్కసారీ తప్పలేదు.

ఇప్పుడూ పూసింది. అయినా ప్లస్‌కి వెళ్లాల్సిన కంట్రోల్ వైరును ఆ మైనస్‌కే అతికించింది. అంటే కావాలనే తిప్పింది. వోల్టేజీ పెరిగితే పల్స్ సన్నబడుతుంది. సున్నాకి దించితేనే వాల్వ్ బార్లా తెరుచుకుంటుంది.

“తిప్పావా?”

“తిప్పను సార్.”

“మతిపోయిందా నీకు? బాస్ రిమోట్ తీశాడు. మనవాళ్లు ఇంకా మెట్లమీదే ఉన్నారు.”

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సర్క్యూట్ మీది వోల్టేజీ మీటరు ముల్లు లేచింది. సర్వో గుర్రుమని కదిలి, వాల్వును ఇంకాస్త బిగించి ఆగింది.

పైన హాలు బయట బాస్ రిమోట్‌ని టకటకా నొక్కుతూనే దొరికిపోయాడు. అతని కణతకు తుపాకీ ఆనించిన చేతికి ఎర్రటి గోళ్లున్నాయి.

మెట్లెక్కుతుంటే మైకులో అక్క గొంతు వినబడింది. మంచుగడ్డ అక్కడే కూలబడి ఏడ్చాడు. భార్య వచ్చి పక్కన కూర్చుంది.

“శాఖ పంపితేనే ఆ ముఠాలోకి వెళ్లాను. నీకు చెప్పొద్దన్నారు. వైరు తిప్పిన సంగతి వాళ్లకి చెప్పే వీలు దొరకలేదు. నాబ్ ముట్టుకోలేదు కదా?”

“పట్టుకుని వదిలేశాను.”

“నేను పెట్టింది నువ్వు సరిచెయ్యకుండా వదిలెయ్యడం మన కాపురంలో ఇదే మొదటిసారి,” అందావిడ.