కుడి వెనక చక్రం

పొద్దున్నే ఇద్దరు రోగుల ఇళ్ళకు వెళ్ళి కట్లు మార్చి వచ్చింది నర్సమ్మ. చేతులు కడుక్కుని టీ నీళ్ళు పెడుతుంటే వాకిట్లోంచి కొడుకు కేక వినిపించింది.

"అమ్మా! మళ్ళీ హ్యాండ్ బ్రేకు దించకుండానే తిరిగావా?"

ఆమె గబగబా బయటికి వచ్చింది. పాత కారు చుట్టూ గుప్పున మాడు వాసన. కొడుకు ముక్కు మూసుకుని నిలబడి ఉన్నాడు.

"దించానురా. బాగా గుర్తు నాకు."

"గుర్తా? ఇప్పుడే తలుపు తీసి చూశాను. వాకిట్లో ఆపితే నువ్వు బ్రేకు వెయ్యవుగా, అయినా లివరు పైకే ఉంది. నేనే దించాను. నువ్వు గుర్తుంది అన్నకొద్దీ నాకు భయం ఎక్కువవుతోంది."

ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక కూడా ఆమె ఊరికే కూర్చోలేదు. మంచం దిగలేనివాళ్ళ ఇళ్ళకు ఆ కారులోనే వెళ్ళి పుళ్ళు కడిగి కట్లు కట్టేది. అందుకే వీధిలో అందరికీ ఆమె నర్సమ్మే. కొన్నాళ్ళుగా కారు బరువుగా కదులుతోంది. ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు ఉంటోందని కొడుకుతో చెబితే, "బ్రేకు వేసుకుని నడిపితే లాగక ఏం చేస్తుంది?" అని నవ్వేశాడు.

ఆ రోజు నవ్వలేదు. టీ తాగుతూ భార్య ముందే మొదలుపెట్టాడు.

"ఇవాళ బ్రేకు మర్చిపోయావు. రేపు ఒకరికి ఇవ్వాల్సిన మందు ఇంకొకరికి ఇస్తావు. ఎవరి ప్రాణమైనా పోతే నీ వయసు చూసి ఊరుకుంటారా?"

"అత్తయ్యని మరీ అంతలా అనకండి" అంది కోడలు.

"అనకపోతే ఎలా తెలుస్తుంది?" అంటూ తల్లి ముందు అరచెయ్యి చాపాడు. "తాళం ఇటివ్వు."

ఎన్నో ఏళ్ళు వార్డులో డాక్టర్లకే తప్పులు చూపించిన మనిషి, మారు మాట్లాడకుండా తాళం ఆ చేతిలో పెట్టింది.

ఆ రోజు నుంచి ఆమెకు తన మీద తనకే నమ్మకం పోయింది. స్టవ్వు ఆర్పి రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి చూసుకునేది. కొళాయి కట్టేశానా అని కోడల్ని అడిగేది. కొడుకు హాల్లో కూర్చుని, ఆమెకు వినపడేలాగే చుట్టాలతో ఫోన్లో "అమ్మకి మతి తప్పుతోంది. అన్నీ మేమే చూసుకోవాలి" అనేవాడు. కోడలు ఉద్యోగానికి వెళుతూ కూరగాయల కత్తి అందకుండా పైన పెట్టి వెళ్ళేది. తన పసిపాపను మాత్రం ఆమె ఒళ్ళోనే పెట్టి వెళ్ళేది.

ఒక రోజు టైలర్ భార్య ఫోను చేసింది. టైలర్‌కు చక్కెర జబ్బు. అతని కాలి పుండుకు నెలల తరబడి కట్టు కట్టింది నర్సమ్మే.

"అమ్మా, పుండు రంగు మారింది. వాసన వస్తోంది. ఆయన ఆసుపత్రికి రానంటున్నాడు. మీరొచ్చి చెబితే వింటాడు."

నర్సమ్మ లేచి మందుల సంచీ అందుకుంది. అందుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నన్ను నమ్మకండమ్మా. నా బుర్ర సరిగ్గా పనిచెయ్యడం లేదు. ఎలాగోలా ఆసుపత్రికి తీసుకెళ్ళండి" అని పెట్టేసింది.

టైలర్ మొండికేశాడు. తీసుకెళ్ళేసరికి ఆలస్యమైంది. మోకాలి కింద నుంచి కాలు తీసేశారని తెలిసినప్పుడు ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. నేను వెళ్ళి ఇంకేం తప్పు చేసేదాన్నో, వెళ్ళకపోవడమే నయం అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

తరవాతి వారం కోడలు పాపకు టీకా వేయించడానికి ఆ కారే తీసుకెళ్ళింది. తిరిగి వచ్చి ఆపగానే అదే మాడు వాసన.

"హ్యాండ్ బ్రేకు దించావా అమ్మా?" గుమ్మంలోంచి అడిగింది నర్సమ్మ.

"దించకుండా ఎలా నడుపుతాను అత్తయ్యా?" అంది కోడలు. అనేసి, తన మాట తనకే వినపడ్డట్టు ఆగిపోయింది.

నర్సమ్మ మెట్లు దిగింది. వాచిన కాలినీ మంచి కాలినీ పోల్చి చూసినట్టు, తగలకుండా ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూసింది. మూడు చక్రాల దగ్గర పెద్ద తేడా లేదు. కుడి వెనక చక్రం నుంచి పొయ్యి సెగలా వేడి కొట్టింది.

కారు చల్లారాక ఇద్దరూ నెమ్మదిగా పక్క వీధిలోని మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్ళారు. మెకానిక్ జాకీ పెట్టి వెనక భాగం లేపాడు. ఎడమ చక్రం తిప్పితే గిర్రున తిరిగింది. కుడిది రెండు చేతులతో తోసినా మొరాయించింది. కిందకు దూరి ఆ వైపు హ్యాండ్ బ్రేకు కేబులు విప్పగానే అదీ తిరిగింది.

"కేబులు తొడుగు లోపల తుప్పు పట్టేసిందమ్మా. మీరు లివరు దించినా ఇది వెనక్కి జారదు. బ్రేకు పట్టుకునే ఉంటుంది. ఎన్నిసార్లు దించితే మాత్రం ఏం లాభం?" అన్నాడు లేస్తూ. "అయినా అప్పుడే చెప్పాను కదా మీ అబ్బాయికి, మార్చెయ్యాలని. ఇప్పుడొద్దులే, కొన్నాళ్ళు పోనీ అన్నాడు."

"ఎప్పుడు చెప్పావు?" అడిగింది కోడలు.

"ఆయిలు మార్పించడానికి వచ్చినప్పుడు. అమ్మగారు కారు మానెయ్యక ముందే."

నర్సమ్మ కేబులు మార్పించి, లోపల కాలిపోయిన బ్రేకు షూల బదులు కొత్తవి వేయించి, ఇంటికి తనే నడిపింది. కోడలు దారంతా తలెత్తలేదు.

సాయంత్రం కొడుకు వచ్చేసరికి తల్లి హాల్లో కూర్చుని ఉంది.

"లివరు పైకే ఉందన్నావు. నిజంగా చూశావా?"

అతను భార్య వైపు చూశాడు. ఆమె మొహం తిప్పుకుంది.

"లేదు" అన్నాడు చివరికి. "ఏం చెయ్యమంటావు? మానెయ్యమంటే మానేదానివా? చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే పక్కింట్లో పడుకోబెట్టి డ్యూటీకి పోయేదానివి. ఇప్పుడు నా కూతురికీ అదేనా? ఊరందరికీ ఉంటావు, మాకు మాత్రం ఉండవు!"

"ఆ జ్వరం మాట ఇన్నేళ్ళూ నాతో అనలేదేం? అని ఉంటే నీ కాళ్ళు పట్టుకునైనా ఏడ్చేదాన్ని. ఇంట్లో ఉండమని అడిగితే ఉండేదాన్నేమో. నువ్వు నా పని మానిపించలేదురా, నా బుర్ర నాది కాకుండా చేశావు. అంత మతిలేనిదాని ఒళ్ళో పసిపిల్లని ఎలా వదిలారు?"

అతను లోపలికి వెళ్ళబోయాడు.

"టైలర్ కాలు తీసేశారు. రమ్మంటే నేను వెళ్ళలేదు. నువ్వు చెప్పింది నమ్మి వెళ్ళలేదు."

"అమ్మా, అలా అవుతుందని నాకేం తెలుసు..."

"పద. ఆ మాట ఆయనతో చెబుదువు గాని" అంటూ మందుల సంచీ అందుకుంది.

టైలర్ ముందుగదిలోనే మంచం మీద ఉన్నాడు. నర్సమ్మను చూసి లేవబోయాడు.

"ఒంట్లో బాగాలేకుండా ఎందుకొచ్చారమ్మా? బాబూ, మీ అమ్మగారి తప్పేం లేదు. మొండికేసింది నేను. మతిమరుపు వస్తే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? ఇంట్లో కూర్చోబెట్టి మంచి పని చేశావు."

కొడుకు తల్లి వైపు చూశాడు. ఆమె అతన్ని కాపాడలేదు. ఎదురుచూస్తూ నిలబడింది.

"అమ్మకి మతిమరుపేం లేదు" అన్నాడు నేలను చూస్తూ. "ఇంట్లో ఉంటుందని నేనే అబద్ధం చెప్పాను."

టైలర్ భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. టైలర్ దుప్పటి వైపు చూసుకున్నాడు. కుడి వైపు అది సగంలోనే పరుపుకు అతుక్కుపోయి ఉంది.

"ఇంట్లో ఉండటానికా?" అని మాత్రం అడిగాడు.

కొడుకు అక్కడే కూలబడి భోరుమన్నాడు. ఎవరూ ఊరుకోమనలేదు. నర్సమ్మ వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చింది. కట్టు మార్చనా అని టైలర్ భార్యను అడిగి, ఆమె తలూపాక సంచీ తెరిచింది.

"ఏడుపాపి చేతులు కడుక్కుని రా. ఈ కాలు కింద రెండు చేతులూ పెట్టి పట్టుకో. కదిలావంటే ఆయనకి నరకం."

అతను పట్టుకున్నాడు. ఆమె పాత కట్టు విప్పుతుంటే టైలర్ పళ్ళు బిగించాడు. ఆ బిగువు కొడుకు అరచేతుల్లోకి పాకింది. కన్నీళ్ళు చెంపల మీదుగా కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఆమె తుడవలేదు. పుండు మీంచి చూపు తిప్పకుండా, వంగి పని చేసుకుంటూనే ఉంది.

"ఇంకొంచెం పైకి పట్టుకో, నాన్నా" అంది.

ఆ పిలుపు ఆమె నోటివెంట అనుకోకుండా వచ్చింది. కొడుకు భుజాలు ఎగిసెగిసి పడ్డాయి. చేతులు మాత్రం కదలలేదు.