ఆరో అంతస్తులో నవ్వు

మా బిల్డింగులో ఆరో అంతస్తు పేరెత్తితే చాలు, అందరూ మాట మార్చేసేవారు. కొనేవాళ్లకి చూపించడానికి సోఫాలు, కర్టెన్లు, డైనింగ్ టేబులు పెట్టి ముస్తాబు చేసిన ఫ్లాటు ఉందక్కడ. చూసినవాళ్లే గానీ కొన్నవాళ్లు లేరు.

చీకటి పడితే లిఫ్టు దానంతటదే ఆరుకి వెళ్లేది. కాసేపటికి లోపల్నుంచి ఒక ఆడమనిషి నవ్వు... ఆగి, మళ్లీ అదే నవ్వు. హెచ్చు లేదు, తగ్గు లేదు. బతికున్నవాళ్లు ఒకే నవ్వుని రెండుసార్లు నవ్వరు.

పై అంతస్తుల వాళ్లం భయపడలేదు. ఊరికే, ఆరోగ్యం కోసమని, మెట్లెక్కడం మొదలుపెట్టాం.

చివరికి లిఫ్టు మెకానిక్‌ని పిలిచాం. మిగతాదంతా ఆయన చెప్పగా విన్నదే. ఆయనకి దెయ్యం దిగులు లేదు, ఇంటి దిగులే. రోజూ ఆలస్యంగా ఇల్లు చేరే మనిషి. భార్య ఊఁ అంటుంది, మళ్లీ ఫోన్లో తల దూరుస్తుంది. “పెళ్లయిన కొత్తలో తెగ నవ్వేదండీ... మళ్లీ ఒక్కసారి వింటే చాలు” అన్నాడు.

ఆ రాత్రి ఆరో అంతస్తులో దిగాడు. తలుపు కింద సన్నటి వెలుగు. లోపల నవ్వు... ఎక్కడో విన్న నవ్వు.

తలుపుకి తాళాల గుత్తి వేలాడుతోంది — ఆయనదే, మా బిల్డింగు తాళాలన్నీ ఉండేది. ఇంట్లో మేకుకి ఉండాల్సింది.

తలుపు తోశాడు.

టేబుల్ మీద రెండు ఖాళీ కంచాలు. ఒక కుర్చీకి, పోయిందనుకున్న ఆయన తెల్లచొక్కా, ఇస్త్రీ చేసి మరీ తొడిగి ఉంది. దాని వైపు వంగి, కొత్త చీరలో, ఆయన భార్య! “ఏవండీ, ఇంకొంచెం వడ్డించనా?” అని గోముగా నవ్వింది. ఎదురుగా నిలబెట్టిన ఫోన్లో చూసుకుంది. నచ్చలేదేమో... మళ్లీ అలాగే నవ్వింది.

ఫోన్లో ఆవిడ పెట్టే వీడియోల్లోది వేలమంది మెచ్చుకునే కాపురమట. అక్కడి మొగుడు వేళకి వస్తాడు, కబుర్లు చెబుతాడు, గ్రీజు వాసన కొట్టడు.

ఈయనకి కోపం రాలేదు, ఏడుపొచ్చింది. ఆ కుర్చీలో నేనే కూర్చుంటాలే అందామని రెండడుగులు వేశాడు.

ఆవిడ తల తిప్పలేదు. నవ్వు చెదరనివ్వకుండా, పెదవుల మధ్య నుంచే గుసగుసలాడింది —

“కాస్త పక్కకి జరగండి... మావారి మీద నీడ పడుతోంది.”