మందు మానేశాను

తెల్లగోళీ మింగినవాళ్ల గొంతులు నూకరత్నం చెవిలో ఒకదాని వెనక ఒకటి మోగుతున్నాయి. హుషారుగా ఉన్న గొంతును పచ్చగడిలోకి, నీరసంగా ఉన్నదాన్ని పసుపుగడిలోకి తోస్తోంది. మార్పిడి గదిలో ఆమె పని అదే. రేవులో క్రేన్లు నడిపేవాళ్లందరినీ, దిగులుకు వాడే నీలిగోళీ నుంచి కంపెనీ తెల్లదానికి మారుస్తోంది. వాళ్ల దిగులు మీద జాలితో కాదు. నీలిది మత్తు తెస్తుంది. మత్తులో కంటైనర్లు నెమ్మదిగా కదులుతాయి. అంతే సంగతి.

ఆ రెండూ ఒంట్లో కలవకూడదు. నీలిది మానేశాక రక్తం తేటపడేదాకా ఖాళీగడువు గడవాలి. దాన్ని చూసుకునే యంత్రానికి సమవర్తి అని పేరు. పెట్టిన మహానుభావుడికి అది యముడి పేరని ఎవరూ చెప్పినట్టు లేదు. క్రేన్ క్యాబిన్లో అది మర్యాదగా అడుగుతుంది: "మందు మానేశారా?" మానేశానంటే చాలు, గడువు మొదలు. అది తీరగానే గోడలోంచి తెల్లగోళీ రాలుతుంది. ఇంట్లో మిగిలిన నీలిగోళీల డబ్బాలను వెనక్కి తీసుకోవడం మాత్రం ఎవరికీ పట్టలేదు.

క్రేన్ నడిపే పైడిరాజు గొంతు వణుకుతూ వచ్చింది. పొద్దున తెల్లగోళీ వేసుకున్నాడట. చొక్కా చెమటతో తడిసిపోయిందట, కాలు దానంతటదే ఎగిరెగిరి పడుతోందట, ఒళ్లు పెనంలా ఉందట. ఒంటికి కొత్త మందు అలవాటవుతోంది, పని కొనసాగించవచ్చు అని సమవర్తి తేల్చేసింది. అతని కొక్కేనికి కంటైనర్ వేలాడుతోంది, కింద మనుషులున్నారు.

నూకరత్నం అతని లైన్ తెరిచింది.

"అన్నా, నీలిగోళీ ఎప్పుడు మానేశావు?"

"అదెందుకు మానేత్తానమ్మా? రాత్రి కూడా ఏసుకున్నాను."

"మందు మానేశానని చెప్పావు కదా?"

"మానీసినాను. మాయావిడ మీద ఒట్టు, సుక్క ముట్టలేదు."

ఈ రేవులో మందు అంటే సీసాలోది. ఒంటికి వేసుకునేది గోళీ. డాక్టరు ముందు కూడా గోళీ అనే అంటారు. సమవర్తికి తెలుగు నేర్పినవాళ్లు పుస్తకాల్లోంచి నేర్పారు.

కంటైనర్ నేల మీద దింపి కదలకుండా కూర్చోమంది. గోళీల పోటు, రెండూ కలిశాయి, ఒళ్లు కాలుతోంది అని చెప్పి అత్యవసర బండిని పంపింది. అతన్ని దింపామని, జ్వరం ఇంకా ఎక్కుతోందని, ఆసుపత్రికి తీసుకెళ్తున్నామని బండివాళ్లు చెప్పారు. బతుకుతాడా అని అడిగింది. అది డాక్టర్లే చెప్పాలన్నారు.

సాయంత్రం షిఫ్టుకు తెల్లగోళీలు రాలబోతున్నాయి. ఆమె చెయ్యి గోళీల నిలుపుదల మీట మీదికి వెళ్లడం చూసి పర్యవేక్షకుడు విశ్వంభరం లేచి వచ్చాడు. ఆయన కంపెనీ గురించి మాట్లాడి ఉంటే ఆమె విననట్టే ఉండేది.

"కొందరు నిజంగానే నీలిది మానేశారమ్మా. ఇన్నాళ్లు ఏ గోళీ లేకుండా పళ్లు బిగబట్టి తెల్లదాని కోసం చూస్తున్నారు. ఇవాళ అదీ ఆపేస్తే, వాళ్లలో ఒకరు ఏదైనా చేసుకుంటే?"

ఎవరు ఏది మానేశారో చెప్పే దిక్కు ఈ గదిలో లేదు, సమవర్తిలో అసలే లేదు. మీట దించేసింది. అన్ని క్యాబిన్లకూ లైన్ తెరిచింది.

"నేను నూకరత్నాన్ని. మెషీన్‌కి కాదు, నాకు చెప్పండి. మీరు మానేసింది సారానా, నీలిగోళీనా?"

రేవంతా క్రేన్లు ఆగిపోయాయి. ఒకడు నవ్వాడు. గోళీ మానమని తనకెవడు చెప్పాడని ఇంకొకడు కసిరాడు. ఆ తర్వాత గొంతులన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. జవాబు గుర్తించలేదు, జవాబు గుర్తించలేదు అని సమవర్తి ప్రతి గొంతుకూ అంటూనే ఉంది. ఆ గోలకు అడుగున ఎవరో, అరిచే ఓపిక కూడా లేకుండా అన్నారు:

"నాను గోళీయే మానీసినానమ్మా. నా వంతు బేగి రానీ."

నూకరత్నం మిగతా గొంతులన్నీ తగ్గించి, ఆ గొంతు పట్టుకుంది.

"నీ పేరు చెప్పు బాబూ. లైన్ కట్ చెయ్యకు."