కిలోమీటరు అవతలి దీపం

తెల్లారి ఐదున్నరకి వాతావరణ కేంద్రం మేడ మీద అబ్జర్వర్ శవమై కనిపించాడు. ఆరింటికి విమానానికి బులెటిన్ వెళ్ళాలి.

"ఆ విమానంలో మన సాక్షి వస్తున్నాడు," ఫోన్‌లో చీఫ్ అన్నాడు. "అతను నోరు విప్పితే విదేశీ ముఠా అంతా లోపలికే. వాళ్ళకి బాంబు అక్కర్లేదయ్యా. బులెటిన్‌లో ఒక్క ఇంగ్లీషు మాట మారిస్తే చాలు."

ఆ మాటేదో ఏజెంట్ 'గుమాస్తా'కి బాగా తెలుసు. కిలోమీటరు అవతలి పొగగొట్టం కనిపిస్తే మిస్ట్, విమానం దిగొచ్చు. కనిపించకపోతే ఫాగ్, దిగితే చావే. నాలుగేళ్ళ కిందట ఇక్కడే అబ్జర్వర్ మారువేషంలో ఉండి, మేడెక్కడానికి బద్ధకించి, ముందు గంట బులెటిన్‌లోని 'మిస్ట్'నే మళ్ళీ దించేశాడు. ఆ మంచులో కూలిన విమానం నడిపింది సొంత తమ్ముడు. అప్పటినుంచి మంచు పట్టిన ప్రతి ఉదయం చెవి పక్కన ఎవరో ఊపిరి పీలుస్తుంటారు.

అబ్జర్వర్ కోటు, దొంగమీసం తగిలించుకుని లోపలికి వెళ్ళాడు. కంప్యూటర్ ముందు ముత్యాల లోలాకులతో ఒక అందగత్తె. డిపార్ట్‌మెంటు మనిషే. అవతలివాళ్ళ మనిషి కూడానని చీఫ్ అనుమానం.

"మిస్ట్ అని కొట్టి ఉంచా. పంపేయమంటారా?"

"పైకెళ్ళి చూసొస్తా."

"పొగగొట్టం మీది ఎర్రదీపం కిటికీలోంచే కనిపిస్తోందిగా. మోకాళ్ళకెందుకు శ్రమ?"

నిజమే, కనిపిస్తోంది.

"వెళ్ళి చూడన్నయ్యా," అంది చెవి పక్కన ఊపిరి. నాలుగేళ్ళలో అది మాట్లాడటం అదే మొదలు.

మేడెక్కాడు. కాకులు కూడా ఎగరడం మానేసి గోడ పట్టుకుని నడుస్తున్నాయి, అంత మంచు. దీపం మాత్రం వెలుగుతోంది. పిట్టగోడ వెంట పక్కకి ఇరవై అడుగులు వేశాడు. దూరపు దీపమైతే చందమామలా మనతోనే నడవాలి. ఇది వెనకబడింది. ఎవరో పక్క మేడ మీద పెట్టిన దీపం. అసలు పొగగొట్టం అయిపూ అజా లేదు.

కిందికి దూకినట్టు దిగాడు. ఆరుకి ఇంకా నిమిషమే ఉంది. ఆమె చేతిలో పిస్తోలు.

"కదలకండి గుమాస్తాగారూ. మీ మీసం ఊడుతోంది."

"మీరే ఉంచుకోండి," అని పీకి ఆమె మొహాన విసిరాడు. అందులోంచి కళ్ళు మండే పొడి చిమ్మింది. పిస్తోలు పేలి గుండు సీలింగుకి తగిలింది. మిస్ట్ చెరిపి, ఫాగ్ కొట్టి, పంపాడు. ఇంకా రెండు సెకన్లు మిగిలాయి.

విమానం వేరే ఊరికి మళ్ళింది. చెవి పక్కన ఊపిరి మాత్రం ఎక్కడికీ మళ్ళలేదు.

పదకొండింటికి చీఫ్ ఫోన్.

"సాక్షి ఫిర్యాదు రాశాడయ్యా."

"ఏమని?"

"పదింటికల్లా ఇక్కడ ఎండ కాసిందట. మీ వాతావరణం వాళ్ళకి ఒక్క ముక్కా సరిగ్గా రాయడం రాదంటున్నాడు."